తూకంలో నెగ్గిన పరుగుల జట్టు

పిల్లల ఆరోగ్యంపై అపారమైన శ్రద్ధ గల ఆ ఉన్నత పాఠశాలలో ఈ ఏడాది పరుగు పందెం జట్టును తూకం వేసి ఎంపిక చేశారు. పరిగెత్తించి ఎంపిక చేసే పాత పద్ధతిలో పిల్లలకు చెమట పట్టడం, మైదానంలో గడ్డి నలగడం వంటి లోపాలున్నాయని అందరికీ తెలిసిందే.

కొత్త పద్ధతికి శాస్త్రీయ ఆధారం ఉంది. కిందటి నెల ఒక డాక్టరుగారు వచ్చి, టీనేజీ పిల్లల్లో దమ్ము బాగా ఉన్నవాళ్ళకు సాధారణంగా ఒంట్లో కొవ్వు తక్కువగా ఉంటుందని చెప్పారు. ఆ 'సాధారణంగా'ను మూడుసార్లు నొక్కి మరీ చెప్పారు. ఆరోగ్య కమిటీ మూడుసార్లూ వినిపించుకోకుండా, కొవ్వు తక్కువుంటే దమ్మున్నట్టేనని తీర్మానించింది. ఇంత చురుకైన కమిటీ దొరకడం మన అదృష్టం.

పదో తరగతిలో రోడ్డురోలరు అనే అమ్మాయి ఉంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ఏడాదిగా పొద్దున్నే లేచి వీధులన్నీ చుట్టబెడుతోంది. జట్టులో చోటు దొరకాలన్నదొక్కటే ఆమె కోరిక. నిద్రలోనూ అదే పలవరిస్తోందని వాళ్ళ అక్క ఫిర్యాదు. తూకపు యంత్రం ఎక్కగానే ఆ చోటు గల్లంతయింది. కెప్టెనుగా అగ్గిపుల్ల అనే బక్కపిల్లాడు ఎంపికయ్యాడు. ఆ కబురు విని, పరిగెత్తాలా అని వాడు బెంబేలెత్తిపోయాడు.

కమిటీలో సభ్యుడైన డ్రిల్లు మాస్టారు చాదస్తుడు. లాంఛనానికైనా ఒక్కసారి పరిగెత్తిద్దామని పట్టుబట్టాడు. రెండో చుట్టులో అగ్గిపుల్ల కూలబడి మంచినీళ్ళు అడిగాడు. రోడ్డురోలరు ఇరవై చుట్లు దాటేసి, ఇరవయ్యారో చుట్టులో కమిటీవారికి నమస్కారం కూడా పెట్టింది. ఇక చోటు తనదేనని ఆ పిల్ల సంబరానికి పట్టపగ్గాల్లేవు.

కమిటీ వెంటనే విచారణ చేపట్టింది. గడియారం తప్పు నడుస్తోందేమోనని మార్చారు. మైదానాన్ని టేపుతో మళ్ళీ కొలిచారు. బూట్లలో స్ప్రింగులున్నాయేమోనని విప్పించారు. ఈసారి ఒట్టి కాళ్ళతో ముప్ఫై చుట్లు తిరిగి, ఇంకో రెండు తిరగనా అని అడిగింది. లోపం అమ్మాయిలోనే ఉందని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. ప్రిన్సిపాల్ మేడం ఆమెను గదికి పిలిపించారు.

"చూడమ్మా, నువ్వు పరిగెత్తలేదని ఎవరూ అనడం లేదు. కానీ పరిగెత్తేదానిలా కనబడటం లేదు. జట్టన్నాక చూసేవాళ్ళు కూడా ఉంటారు కదా."

"అలా కనబడాలంటే ఏం చెయ్యాలి మేడం?"

"రోజూ పరిగెత్తాలమ్మా."

ఆ పిల్లకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చి పొలమారింది. దీన్ని కూడా ఆయాసం కింద నమోదు చేశారు.

పోటీలో మన జట్టు అందరికన్నా వెనక చేరింది. ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. ఎంత నాజూగ్గా ఉన్నారో అని తల్లిదండ్రులు మురిసిపోయారు. చుట్ల లెక్క పదేపదే గుర్తుచేస్తున్నందుకు డ్రిల్లు మాస్టారిని కమిటీ నుంచి తప్పించారు.

ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందని మీ మనసు చివుక్కుమనే ఉంటుంది. మంచిదే. అయితే ఆమె బరువెంతో ఈ కథలో ఇంతవరకూ చెప్పలేదేమిటని ఇందాకటి నుంచీ వెతుక్కుంటున్నారు కదూ? కమిటీలో ఒక స్థానం ఖాళీగా ఉంది. దయచేసి వెంటనే దరఖాస్తు చేసుకోగలరు.