కోకిలమ్మ పెంపక శాఖ

ఒక పెద్ద అడవిలో తల్లులు పిల్లల్ని సరిగ్గా పెంచడం లేదని సింహానికి అనుమానం వచ్చింది. రాజుకు అనుమానం వచ్చాక శాఖ రాకుండా ఉంటుందా? పెంపక శాఖ వచ్చింది. దానికి కోకిల అధికారి అయింది. ఆమె జన్మలో గుడ్డు పొదగలేదు కనుక పక్షపాతం ఉండదని సింహం నమ్మకం.

ఆ ఏడు కూడా కోకిల అలవాటుగా తన గుడ్డును కాకి నల్లమ్మ గూట్లో ఎవరూ చూడకుండా పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చుంది.

తల్లులంతా శిక్షణకు రావాలని ఉత్తర్వు వేసింది. శిక్షణ అయ్యేదాకా గుడ్లన్నీ ఎండతో నడిచే ఒక పెట్టెలో ఉంటాయి. అది వేడి ఇస్తుంది, జోలపాట కూడా పాడుతుంది. తన గుడ్డు సంగతి కోకిలకు గుర్తు రాలేదు. ఎప్పుడు గుర్తొచ్చింది గనక!

"పిల్ల భయపడితే పెట్టె ఏం చేస్తుంది మేడమ్?" అంది నల్లమ్మ.

"పాట పెంచుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు, అదే మీ జబ్బు. కూర్చో."

పాఠం మధ్యలో ముసురు పట్టింది. కాపలా ఉడుత తడుస్తూ వచ్చింది.

"మేడమ్, ఎండ లేక పెట్టె చల్లబడిపోయింది. పాట మాత్రం వస్తోంది."

కోకిలకు అప్పుడు తన గుడ్డు గుర్తొచ్చింది. బతుకులో మొదటిసారి ఆమెకు భయమంటే ఏమిటో తెలిసింది.

"నల్లమ్మా, పరుగెత్తు. వెళ్లి పొదుగు."

"పాఠం వదిలి పోతే తల్లిని కానని ఉత్తర్వులో మీరే రాశారు కదండీ."

"అందులో నా గుడ్డుంది తల్లీ," అని కోకిల ఏడ్చేసింది.

"తెలుసు. ఏటా తెలుసు," అంటూ నల్లమ్మ లేచింది. "నోరు తెరిచి ఆకలంటే ఎవరి పిల్లయితే ఏంటి?"

వాన వెలిసేదాకా ఆమె ఆ గుడ్లన్నిటి మీదా రెక్కలు పరిచి కూర్చుంది. జోలపాట ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు. గుడ్లన్నీ పిల్లలయ్యాయి.

సింహం సంతోషించి సభ పెట్టింది. పెట్టెకు పూలదండ వేసింది. ఉత్తమ మాతృమూర్తి బిరుదు కోకిలకు ఇచ్చింది. నల్లమ్మ సభకు రాలేదు, పిల్లలకు మేత తేవడానికి వెళ్లింది. పాఠం మధ్యలో లేచిపోయినందుకు ఆమె శిక్షణలో తప్పింది.

నీతి: మంచి తల్లి అనిపించుకోవాలంటే గూటికి దూరంగా ఉండాలి.