రెండున్నర దాకా హాల్

ఉదయం పదింటికి ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో తలుపు తీసేసరికే సోఫియా ఆ రోజు కార్యక్రమం ఖరారు చేసుకుంది. పదకొండున్నరకల్లా ఉదయశ్రీ పాట మిక్సింగ్ పూర్తి. పన్నెండింటికి నిర్మాత త్రినాథరావు తన కారులో కూర్చుని వినడం. పన్నెండూ అయిదుకి "ఈ అమ్మాయి గొంతే ఉంచేయండి" అనడం. ఆ చివరి మాట త్రినాథరావు ఇంకా అనలేదు. పైగా కొత్తమ్మాయితో రిస్కెందుకు, పేరున్న గాయని చేత మళ్లీ పాడిద్దామని రెండు రోజులుగా గొడవ చేస్తున్నాడు. అయినా సోఫియాకి బెంగ లేదు. ఆ గొంతును వెతికి తెచ్చింది తనే. పదకొండేళ్లుగా పాటలు మిక్స్ చేస్తోంది. ఏ గొంతును వినేవాళ్లకి ఎంత దూరంలో నిలబెట్టాలో ఆమెకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

పాడేవాళ్లని నాలుగువైపులా మెత్తలు బిగించిన చిన్న గదిలో నిలబెట్టి రికార్డు చేస్తారు. అలా వచ్చిన గొంతు చుట్టూ గాలీ ఉండదు, గోడలూ ఉండవు. స్టూడియో వాళ్లు దాన్ని 'డ్రై' అంటారు. దానికి కంప్యూటర్‌లోంచి కాస్త ప్రతిధ్వని కలిపితే అదే గొంతు చిన్న గదిలో పాడినట్టో, పెద్ద హాల్లో పాడినట్టో వినిపిస్తుంది. దాని పేరు రివర్బ్. మౌస్ కదిపితే గోడలు జరుగుతాయి.

సోఫియా గోడలు జరుపుతూ ఉండగా ఫోన్ మోగింది. ప్రొడక్షన్ మేనేజర్ వీరరాఘవయ్య. ముప్పయ్యేళ్లుగా సినిమా వాళ్లకి కార్లూ భోజనాలూ వేళకి అందిస్తున్న మనిషి. సౌండ్ గదిలోకి మాత్రం ఏనాడూ అడుగుపెట్టలేదు.

"అమ్మా సోఫియా, అయ్యగారు అడుగుతున్నారు. పాట ఎంతవరకు వచ్చింది?"

ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవికి ఫోన్ పెట్టుకుని సోఫియా అంది. "ఉదయశ్రీ గొంతు బాగా డ్రైగా ఉందండీ. ఆ పనే చూస్తున్నా. చిన్న రూమ్ పెడితే ఇరుగ్గా ఉంది. అందుకని పెద్ద హాల్ పెడుతున్నా."

"పెద్దదంటే?"

"రెండు వేల మంది పట్టేది."

"అంత హాలు ఇప్పటికిప్పుడు దొరుకుతుందా అమ్మా?"

"దొరకడమేంటండీ, ఒక్క క్లిక్కు. ఇదిగో, అయిపోయింది కూడా. పన్నెండింటికి అయ్యగారు వినొచ్చు."

"ఎంత తేలికైపోయిందమ్మా ఈ రోజుల్లో!" అని వీరరాఘవయ్య ఫోన్ పెట్టేశాడు.

పావుగంటలో మళ్లీ చేశాడు. "రెండు వేలంటే బోసిపోతుందమ్మా. కొంచెం చిన్నది చూడమంటున్నారు అయ్యగారు."

సోఫియా ఆశ్చర్యపోయింది. పాట వినకుండానే లోపం పట్టేశాడే! త్రినాథరావుకి ఇంత చెవి ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. "నాకూ అలాగే అనిపించిందండీ. ఇప్పుడే మూడొందలకి తగ్గించేశా."

"ఎంతవరకు ఉంటుంది?"

"రెండున్నర" అంది సోఫియా. ప్రతిధ్వని చల్లారడానికి పట్టే సెకన్లు అవి. "అంతకు మించితే అంతా గందరగోళం అయిపోతుంది."

"అవునవును. రెండున్నరకల్లా ఖాళీ చేసేద్దాం."

ఆ మాట కొంచెం వింతగా తోచింది. కానీ స్పీకర్లలో ఉదయశ్రీ పల్లవి ఎత్తుకోవడంతో సోఫియా ధ్యాస అటు పోయింది.

పదకొండుంబావుకి ఉదయశ్రీయే మధురానగర్ నుంచి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "అక్కా, నా గొంతు ఎండిపోయిందని చెప్పావంటగా? ప్రొడక్షన్ వాళ్లు డాక్టర్ని పంపించారు. ఆయన నా నోట్లో టార్చిలైటు వేసి అరగంట నుంచి వెతుకుతున్నాడు. మా అమ్మేమో మిరియాల పాలు పట్టుకుని వెనకాలే నిలబడింది."

"నీ గొంతు బంగారంలా ఉంది. ముందు ఆ పాలు తాగు" అని సోఫియా వెంటనే వీరరాఘవయ్యకి ఫోన్ చేసింది.

"మీకే చేయబోతున్నానమ్మా. హాల్ లొకేషన్ పెట్టండి. అయ్యగారూ అమ్మగారూ జూబ్లీహిల్స్‌లో బయల్దేరబోతున్నారు. పాతికమంది డిస్ట్రిబ్యూటర్లని పిలిచారు. నలుగురు విలేకరులు కూడా. భోజనాల వ్యాన్ రోడ్డెక్కేసింది."

ఉదయం నుంచి తనేమందో, ఆయనేం విన్నాడో సోఫియాకి ఒక్కసారిగా అర్థమైంది.

"వీరరాఘవయ్యగారూ, ఆ హాల్ కంప్యూటర్లో ఉందండీ."

"కంప్యూటర్లో పాతికమంది ఎలా పడతారమ్మా?"

"అది నిజం హాల్ కాదు. హాల్లో పాడినట్టు వినిపించే ఎఫెక్టు."

అవతల దగ్గు వినిపించింది. తర్వాత సన్నటి గొంతు. "అయ్యగారికి ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకండి. అయిదు నిమిషాల్లో లొకేషన్ పెడతా."

సోఫియాకి కంగారు పడే అలవాటు లేదు. ఇప్పుడు అంత తీరికా లేదు. వెంగళరావు నగర్‌లో చర్చి కమిటీ కార్యదర్శిగా ఉన్న తండ్రి ఏసుకుమార్‌కి ఫోన్ కలిపింది. "నాన్నా, చర్చి వెనకాల హాల్ ఇవాళ ఖాళీయేనా?"

"ఖాళీయే. ఎవరి పెళ్లమ్మా?"

"పాట వినిపించాలి నాన్నా. తాళం తీయించండి."

లాప్‌టాప్, రెండు స్పీకర్లు, ఒక మైకు కారులో వేసుకుని, దారిలో ఉదయశ్రీని ఎక్కించుకుంది. పరీక్ష మధ్యలో ఉందని డాక్టరు కూడా ఎక్కాడు. వాళ్లు వెళ్లేసరికి గుమ్మంలో వాచ్‌మన్ చీపురు అడ్డం పెట్టి అతిథులని ఆపుతున్నాడు. "గిప్పుడే తుడిసిన సార్. జర చెప్పులు బయట ఇడ్వుండ్రి."

సరిగ్గా పన్నెండింటికి సోఫియా పాట పెట్టింది. ఎత్తయిన కప్పు, నున్నటి గోడలు, సిమెంటు నేల. మామూలుగా మాట్లాడినా మోగే హాలది. దాని మీద కంప్యూటర్లోంచి ఇంకో మూడొందల సీట్ల హాలు వచ్చి పడింది. "వాన రాదా, నా వాకిట వాన రాదా" అన్న పల్లవిలో వానా లేదు, వాకిలీ లేదు. రాదారాదారాదా అంటూ నాలుగు గోడలూ కేకలు పెట్టాయి.

త్రినాథరావు భార్య జగదాంబ పక్కకి వంగి, "ఈ రాధ ఎవరండీ?" అంది.

"మన కథలో రాధ లేదే!" అన్నాడు త్రినాథరావు. వెనక వరసలో ఓ విలేకరి 'రాధ ఎవరు?' అని శ్రద్ధగా రాసుకున్నాడు.

"చూశావా సోఫియా? ఒక్క ముక్క తెలీలేదు. కొత్త గొంతు వద్దని నేను మొత్తుకుంది ఇందుకే."

సోఫియా పాట ఆపేసింది. "తప్పు గొంతుది కాదండీ, నాది. ఈ హాల్లో ప్రతిధ్వని ముందే ఉంది. దాని మీద నేను మరొకటి పోశాను. ఉదయా, అక్కడ నిలబడి పాడు. మైకు వద్దు."

"ఉత్తగానా అక్కా?"

"ఉత్తగానే."

ఉదయశ్రీ భయం భయంగా మొదలుపెట్టింది. మొదటి వాక్యం గోడలని తాకి మెత్తగా తిరిగొచ్చి ఆమె గొంతు వెనకాలే నిలబడింది. ఆ తోడు దొరికాక పిల్ల ఇంక తడబడలేదు. చరణానికి వచ్చేసరికి వడ్డన వాళ్లు గరిటెలు కింద పెట్టేశారు. పాట అయిపోయాక కూడా ఆఖరి మాట ఒక క్షణం కప్పు కింద తిరిగింది. చేతులు కట్టుకుని నిలబడిన సోఫియాకి, తన చెవి తనని మోసం చేయలేదని తెలిసి గుండె నిండిపోయింది.

జగదాంబ కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "ఇంకెవరిచేతో పాడిస్తానన్నారుగా. ఎవరిచేత?"

"ఈ అమ్మాయే" అన్నాడు త్రినాథరావు. "కానీ సినిమాలో కూడా అచ్చం ఇలాగే వినిపించాలి. వీలవుతుందా?"

"అవుతుందండీ." ఆదివారం ఆ హాల్లో జరిగిన ఎవరిదో పుట్టినరోజు తాలూకు బెలూన్ ఒకటి కిటికీకి వేలాడుతోంది. సోఫియా దాన్ని తెంపి, మైకు ముందు పటుక్కున పేల్చి, ఆ మోత చల్లారేదాకా రికార్డు చేసింది. ఆ ఒక్క చప్పుడుతో ఈ హాలు మొత్తాన్నీ పాట చుట్టూ కట్టొచ్చని వివరించింది. అందరూ తలలూపారు. డాక్టరు మాత్రం టార్చిలైటు కోసం కుర్చీల కింద వెతుక్కుంటున్నాడు.

త్రినాథరావు ఉత్సాహం పట్టలేకపోయాడు. "అసలు పాటని హాల్లో విని నిర్ణయించాలన్న ఆలోచన ఎవరిది?"

సోఫియా నోరు తెరిచేలోగా వీరరాఘవయ్య వినయంగా తల వంచాడు. "ఏదో అయ్యగారూ, అలా తట్టింది."

సోఫియా నవ్వి ఊరుకుంది. ఉదయశ్రీ గొంతు నిలిచింది, ఆమెకి అది చాలు. గారెలు వేడిగా ఉన్నాయి కూడా. త్రినాథరావు విలేకరుల ముందే ప్రకటించేశాడు, టైటిల్స్‌లో 'శబ్ద పర్యవేక్షణ: వీరరాఘవయ్య' అని వేయిస్తానని.

వారం తిరక్కుండా మరో ఇద్దరు నిర్మాతలు వీరరాఘవయ్యకి తమ పాటలు వినిపించి సలహా అడిగారు. ఇద్దరినీ బేస్ కొంచెం తగ్గించమన్నాడట.