గట్టి రంగు పంచనామా

నారాయణపేటలో ఆ ఏడాది, అంటే 1961లో, మద్యపాన నిషేధ వారోత్సవాలు దిగ్విజయంగా జరిగాయి. ఎంత దిగ్విజయంగా అంటే, వారం కోసం మొదలుపెట్టిన ఉత్సవాలు సంక్రాంతి దాటినా ముగియలేదు. ముగించడానికి కమిటీకి మనసు రాలేదు. ఇంతటి కార్యదీక్షకు మూలకారకుడైన నేతగాడు వెంకటరాజం పేరు కమిటీవారి నివేదికలో ఎక్కడా కనిపించదు. ఘనకార్యాలకు మూలకారకులైనవాళ్ల పేర్లు నివేదికల్లోకి ఎక్కకపోవడం మన ఆచారం కనుక, దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు.

వెంకటరాజం గళ్ల చీరలు నేస్తాడు. తాగడు. తాగినవాడి కాళ్లు మగ్గం గుంటలో తడబడతాయని, కాళ్లు తడబడితే గళ్లు తప్పుతాయని వాళ్ల నాయిన చెప్పి పోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నలభై ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఊళ్లో ఇలాంటివాళ్లు ఇంకా కొందరున్నారు గాని, వాళ్లెవరూ నిషేధ కమిటీలో లేరు.

ఆ దసరా ముందు ఒక బెల్జియం దొర సర్కారు జీపులో చీరల నేత చూడడానికి వచ్చాడు. బెల్జియం అంటే ఊళ్లో అందరికీ తెలుసు. అద్దం. షావుకారు రామచంద్రయ్య ఇంట్లో నిలువుటద్దం వచ్చిన దేశం. ఆ దేశంలో అద్దాలతోపాటు మనుషులు కూడా ఉంటారని ఊరికి ఆ రోజే తెలిసింది. దొర వెంకటరాజం మగ్గం ముందు చాలాసేపు నిలబడి, ముచ్చటపడి ఒక చీర కొన్నాడు. కొన్నాక ఊరుకోకుండా రెండు నల్లటి సీసాలు బహుమానంగా చేతిలో పెట్టి, తన భాషలో ఏదో చెప్పాడు. హైదరాబాదు నుంచి వెంట వచ్చిన దుబాసీ దాన్ని క్లుప్తంగా తెలుగు చేశాడు.

"నల్లది. చాలా గట్టిది. వాళ్ల దేశంలో మఠాల్లో సాధువులు తయారుచేస్తారట."

జీపు పోయాక వెంకటరాజం సీసా తిప్పి తిప్పి చూశాడు. సీసా మీద బోడిగుండు సాధువు బొమ్మ. ఒంటి మీద ముదురు కాషాయం. చీరలు నేసేవాడికి చీర కొన్న దొర, నల్లది, గట్టిది ఏమిస్తాడు? సాధువులు బట్టలకు అద్దుకునేది ఏముంటుంది? నేత ఎరిగిన ఎవరికైనా అర్థమయ్యే విషయమే. గట్టి రంగు. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలిసిపోని రంగు.

ఒక సీసా బిరడా తీసి బొక్కెనలో వంపేసరికి బుస్సుమని నురగ లేచింది. వెంకటరాజానికి ప్రాణం లేచొచ్చింది. నీలి మందు కాగు కూడా పదునుకు వచ్చినప్పుడు ఇలాగే నురగ కడుతుంది. చిన్న నూలు చుట్ట, అంటే చిలప, ఒకటి అందులో ముంచి, మిగిలిన రంగు పొదుపుగా సీసాలోకి తిరిగి పోసి, చిలపను ఇంటి ముందు దండెం మీద ఆరేశాడు.

భార్య ఆండాళు వచ్చి చూసింది. నూలు నీళ్లు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది.

"గిదేం రంగయ్యా? ఈగలు ముసురుతున్నయ్. రంగుకు ఈగలొస్తయా?"

"విలాయతి రంగే. గా ఈగలకు తెలిసిన కిమ్మతు నీకు తెలుస్తలేదు."

ఈగల తర్వాత ఆ కిమ్మతు తెలిసినవాడు ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ రఘుపతి. సైకిలు మీద వీధి వెంట పోతూ, దండెం దగ్గరికి రాగానే తనకు తెలియకుండానే దిగిపోయాడు. నూలును ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఇదేంది?"

"గట్టి రంగు సారూ."

"గట్టిదే. రంగు మాట తర్వాత చూద్దాం."

పర్మిట్ లేకుండా మద్యం ఇంట్లో పెట్టుకున్నందుకు నేరం రుజువైతే ఆరు నెలలు మహబూబ్‌నగర్ జైలు. వెంకటరాజం ఇంట్లో మగ్గం ఒకటే, నేసేవాడూ ఒకడే. మగ్గం ఆగితే మరుసటి వారం పొయ్యి ఆగుతుంది. ఈ లెక్క చేయడానికి ఇన్‌స్పెక్టర్ సాయం అవసరం లేకపోయింది.

అయితే ఇన్‌స్పెక్టర్‌కూ ఒక చిక్కు వచ్చిపడింది. సీసా మీద రాత ఆయనకు తెలిసిన ఏ భాషలోనూ లేదు. ఇది మద్యమే అయితే కేసు కట్టాలి. కాకపోతే సర్కారు అతిథి ఇచ్చిన బహుమానాన్ని జప్తు చేసిన పాపం తన నౌకరీకి చుట్టుకుంటుంది. ఇలాంటి ధర్మసంకటాల్లో చట్టం మార్గం చూపకపోదు. పెద్దమనుషులను పిలిచి పంచనామా చేయించాలి. పంచులంటే ఐదుగురు. నారాయణపేటలో వెతగ్గా వెతగ్గా మర్యాదస్తులు ముగ్గురే దొరికారు. తక్కిన ఇద్దరి వంతు కూడా తామే పరీక్షిస్తామని ఆ ముగ్గురూ పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

పంచనామా, వారోత్సవాలు అప్పుడే మొదలైన నిషేధ కమిటీ హాల్లోనే జరిగింది. మొదటి పంచు కమిటీ అధ్యక్షుడు, షావుకారు రామచంద్రయ్య. రెండో పంచు దవాఖాన కాంపౌండర్ ఏసోబు. మూడో పంచు మహిళా మండలి భద్రమ్మ. ముద్దాయి వెంకటరాజం గోడ వారగా గొంతుక్కూర్చున్నాడు. ఆండాళు కిటికీ బయట నిలబడింది.

రామచంద్రయ్య గ్లాసు పట్టుకుని లేచి ఉపన్యసించాడు.

"సోదర సోదరీమణులారా! శత్రువును జయించాలంటే ముందు వాని లోతు తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే వానిని లోపలికి రానివ్వాలి. సమాజ శ్రేయస్సు కోసం ఈ సాహసానికి నేను సిద్ధం!"

చప్పట్లు మోగాయి. అధ్యక్షుడు సాహసించాడు. కళ్లు మూశాడు, తెరిచాడు.

"మాడిన బెల్లం," అన్నాడు గంభీరంగా. "పెండ్లింట్ల పరమాన్నం అడుగంటితే, గరిటెతో గీకి తింటం చూడు, గా రుచి. మద్యమని అనలేను. కాదనీ అనలేను. ఇంకొక్క గుక్క ఉంటే తేలుతది."

ఏసోబు వైద్య దృష్టితో పరీక్షించాడు. "లవంగం ఉంది సార్. పంటి నొప్పికి మేం పెట్టే లవంగ నూనె వాసన. వెనకనుంచి ఎండు ఖర్జూరం వస్తోంది. మందు గుణం ఉంది. మోతాదు పెంచి చూడాలి."

భద్రమ్మ మహిళల తరఫున రుచి చూసింది. "మొదలు నేరేడు పండు. దాని ఎనక ఇప్పపువ్వు వాసన. మింగినంక వగరు నాలుక మీద నిలబడ్డది, మా కోడలు అన్న మాట లెక్క. ఎంతసేపైనా పోతలేదు."

ఇన్‌స్పెక్టర్ పంచు కాడు. అయినా విధి నిర్వహణలో వెనకడుగు వేసేవాడూ కాడు. "గొంతు దాటి ఛాతీలో ఆగింది. లోపల లాంతరు పెట్టినట్టుంది," అన్నాడు. రెండో గ్లాసు తర్వాత, "ప్రమోషన్ వచ్చినట్టుంది," అన్నాడు.

మొదటి సీసా అయిపోయింది. అభిప్రాయాలు కుదరలేదు. రెండోది తెరిచారు. అంతదాకా తల వంచుకుని కూర్చున్న వెంకటరాజానికి అప్పుడు ఒక సత్యం మెరుపులా తోచింది. ఆ సీసాలో ఉన్నదే కదా తన మీద సాక్ష్యం! అది ఎంత తగ్గితే తన జైలు అంత తగ్గుతుంది. చివరి చుక్క పోతే ఇంటికి పోయి మగ్గమెక్కొచ్చు. ముద్దాయి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"సారూ, జర అడుగున చూడుండ్రి. మడ్డి ఉంటది. ఏ రంగుకైనా అసలు గట్టితనం మడ్డిల్నే ఉంటది."

"వీడు చట్టానికి సహకరిస్తున్నడు," అని రామచంద్రయ్య మెచ్చుకుని సీసా బోర్లించాడు. అడుగున మడ్డి నిజంగానే ఉంది. దాని రుచి నానబెట్టిన రొట్టెలా ఉందని ఏసోబు, పాత చింతపండులా ఉందని భద్రమ్మ వాదించుకున్నారు. వాదన తేలేలోగా మడ్డి అయిపోయింది.

వెంకటరాజం చేతులు జోడించాడు. "ఇగ నేను పోవచ్చునా సారూ?"

"ఎక్కడికి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సాక్ష్యం ఏదిరా?"

"తమరి కడుపులల్ల..."

"నీ ఇంట్లో దొరికిన సాక్ష్యం మాయమైంది. మాయమైతే లాభం ఎవరికి?"

"నాకే సారూ," అన్నాడు వెంకటరాజం. అబద్ధం రాని మనిషి.

"మరి మాయం చేసింది ఎవరు?"

చట్టం ఇంత సూటిగా ఆలోచిస్తుందని వెంకటరాజానికి తెలియదు. మద్యం పెట్టుకున్నదానికి ఆరు నెలలైతే, సాక్ష్యం మాయం చేసినదానికి రెండేళ్లు. అయినా పంచులు దయగలవారు. వచ్చే ఆదివారంలోగా అదే పదార్థం మళ్లీ సీసాల నిండా తెచ్చి చూపిస్తే, సాక్ష్యం దొరికినట్టుగా భావిస్తామన్నారు. ఖాళీ సీసాలతో ప్రభుత్వానికి పని లేదు కనుక, వాటిని ముద్దాయికి తిరిగి ఇచ్చేశారు.

బెల్జియం ఏ దిక్కున ఉందో కూడా తెలియని మనిషి దారి పొడుగునా ఏడుస్తూ ఇల్లు చేరాడు. ఆండాళు ఏడవలేదు.

"ఏమయ్యా, గట్ల కూలబడితే ఎట్ల? దాంట్ల ఏమేం ఉన్నయో వాళ్ల నోటితోనే చెప్పిండ్రు గదా. మాడిన బెల్లం, లవంగం, ఖర్జూరం, నేరేడు, ఇప్పపువ్వు. నేను కిటికీ కాడ నిలబడి అన్నీ ఇన్న. వండుడు నాకు రాదా?"

"నేరేడు పండ్లు ఇప్పుడేడియి?"

"నేరేడు బెరడు ఏస్తే వగరు రాదా? కోడలి మాట లెక్క ఉండాలంటే బెరడే మంచిది."

"మరి లాంతరు?"

ఆండాళు కాస్త ఆలోచించింది. ఛాతీలో లాంతరు వెలగాలంటే బెల్లం ఒక్కటి చాలదు. పొలిమేర దగ్గర బిక్షమ్మ పర్మిట్ లేకుండా ఈత కల్లు అమ్ముతుంది. ముందుగా చెబితే నిన్నటిది, మొన్నటిది ముదిరిన కల్లు కూడా ఇస్తుంది. ఒక కుండెడు తెచ్చి, బెల్లం నల్లగా మాడ్చి కలిపి, తక్కినవన్నీ దంచి వేసి, మూతికి గుడ్డ కట్టారు. ఎవరి కంటా పడకుండా దాచడానికి ఆ ఇంట్లో ఉన్న లోతైన చోటు ఒకటే. మగ్గం గుంట. వెంకటరాజం కాళ్లు పెట్టే చోట కుండ పెట్టారు.

ఆదివారం పంచులు తాగి, గ్లాసులు నింపుకుని మళ్లీ తాగారు. వెంకటరాజం ఖాళీ అయిన గ్లాసులు లెక్కపెడుతూ నిలబడ్డాడు.

"ఇదీ!" అన్నాడు రామచంద్రయ్య చివరికి. "ఇదీ అసలు విలాయతి సరుకు! మొన్నటిది కల్తీ. నాకు అప్పుడే అనుమానమొచ్చింది."

"మొన్నటిదాంట్ల మొరటుతనం ఉండె," అన్నది భద్రమ్మ. "గిదైతే మర్యాద తెలిసిన ఇంట్ల చేసినట్టున్నది."

మందు గుణం మొన్నటికంటే స్పష్టంగా ఉందని ఏసోబు నిర్ధారించాడు. లాంతరు ఇప్పుడు పెట్రోమాక్స్ అయిందని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. తీర్పు ఏకగ్రీవం. ఇది మద్యం కాదు, విదేశీ బలవర్ధక టానిక్. అసలు సిసలు మద్యం బొట్టు కూడా ముట్టని వెంకటరాజం నిర్దోషి. అయితే టానిక్‌లు కాలక్రమంలో గుణం మార్చుకుని మద్యంగా మారే ప్రమాదం ఉంటుంది. సమాజాన్ని ఆ ప్రమాదం నుంచి కాపాడడానికి ప్రతి ఆదివారం ఒక నమూనా పరీక్షకు తేవాలి. తేకపోతే పాత కేసు బతుకుతుంది.

ఇలా వారోత్సవాలు వారం వారం జరిగాయి. కుండ గుంటలోంచి లేవలేదు, వెంకటరాజం కాళ్లు గుంటలోకి దిగలేదు. మగ్గం మీది చీర సగంలో ఆగిపోయి దుమ్ము పట్టింది. ఎవరైనా అడిగితే సర్కారు పని మీద ఉన్నానని చెప్పేవాడు. అది అబద్ధమూ కాదు. పొయ్యి మాత్రం ఆగలేదు. నమూనా రుచి తెలిసిన ఇతర ఉద్యోగులు కూడా తమ తమ శాఖల తరఫున పరీక్షించడానికి పెరటి దారిన వచ్చి, పరీక్ష రుసుము పెట్టి పోతున్నారు.

జనవరి చివర ఇన్‌స్పెక్టర్ మీద పైనుంచి ఒత్తిడి వచ్చింది. నిషేధ వారోత్సవాలు ఇన్ని వారాలుగా జరుగుతుంటే ఒక్క కేసు కూడా లేదేమని అడిగారు. ఆయన సైకిలెక్కి తిన్నగా పొలిమేరకు వెళ్లి బిక్షమ్మను, ఆమె కుండను పట్టుకొచ్చాడు. పంచులు మళ్లీ కూర్చున్నారు. ఈసారి మర్యాదస్తులు నలుగురు. నాలుగోవాడు వెంకటరాజం.

ఆనాటి టానిక్ పరీక్ష ముగిశాక కేసు చేపట్టారు. కుండ మూత తీయగానే రామచంద్రయ్య కండువాతో ముక్కు మూసుకున్నాడు. "ఛీ! కల్లు! సమాజాన్ని నాశనం చేసే విషం! దీనిని నా పెదవులతో తాకను."

ఏసోబు తల తిప్పుకున్నాడు. భద్రమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. కాని ఎవరో ఒకరు రుచి చూసి చెప్పకపోతే పంచనామా నిలవదు. అందరికంటే కొత్త పంచు చేతికి గ్లాసు వచ్చింది. నలభై ఏళ్లలో మొదటిసారి వెంకటరాజం తాగాడు. ప్రతి వారం తన గుంటలో పులిసేది అదే. ఆ మాట చెబితే బిక్షమ్మ ఇంటికి పోతుంది, తను జైలుకు పోతాడు.

బిక్షమ్మ అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఏం రాజమన్నా, చెప్పరాదు. గిదేంది?"

వెంకటరాజం గ్లాసు కింద పెట్టాడు. "కల్లు," అన్నాడు.

"ఔనౌను, కల్లే," అన్నది బిక్షమ్మ. "నా కాడ ఉన్నంతసేపు కల్లే. నీ గల్మ దాటి ఇంట్లకు పోయినంకనే గదా టానిక్కు అయ్యేది."

ఈ మాట కూడా రాయాలా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "అక్కర్లేదు," అన్నాడు రామచంద్రయ్య, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. "తాగినవాళ్ల మాటలకు చట్టంలో విలువ లేదు."

బిక్షమ్మ కల్లు అమ్ముతుంది గాని ఏనాడూ తాగి ఎరగదు. పంచులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి, బల్ల దాకా చేరి, దొరికిన చోటల్లా సంతకాలు పెట్టారు. వెంకటరాజం సంతకం కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఆనాడు ఆ హాల్లో తూలకుండా నిలబడ్డవి రెండే. ఒకటి బిక్షమ్మ. రెండోది ఆమె మీద పెట్టిన కేసు.