పెద్దపాయకు పద్దెనిమిది షరతులు

ఒక పెద్ద అడవిలో, అంటే సముద్రం రోజుకు రెండుసార్లు లోపలికొచ్చి చెట్ల కాళ్లు కడిగి వెళ్లేంత పెద్ద మడ అడవిలో, నూకాలు అనే బావురుపిల్లి ఉండేది. బావురుపిల్లి అంటే చేపలు పట్టుకు బతికే పిల్లి. పెద్దపాయ అనే ఉప్పు కాలవ గట్టున కూర్చుని, పంజాతో ఒక్కొక్క చేపే తీసి తన ఇద్దరు కూనల్ని పెంచుకునేది.

ఒకనాడు కంట్రాక్టరు భూషణం ఆ పాయ మీద కన్నేశాడు. భూషణం అడవిపంది. తీగలతో పెద్ద వల అల్లించి, దానికి రాళ్లు కట్టి, ఇరవై పందుల చేత పాయ అడుగంటా ఈడ్పించాలని అతని ఆలోచన. తనకు చేప వాసనే పడదు. పక్క అడవి పులులకు అమ్ముకోవాలని ఆశ. కాకపోతే ఆ పులులు మహా నిష్ఠాపరులు. అడవి సభ ముద్ర లేని చేపను ముట్టరు.

అందుకని సభవారు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పాయ దగ్గర కాదు, కొండ మీద, మిట్టమధ్యాహ్నం. చేపలన్నిటికీ నోటీసులు పంపారు. ఒక్క చేపా రాలేదు.

"చేపలకు అభ్యంతరం లేదని రాసుకోండి," అన్నాడు చైర్మన్ ఎలుగుబంటి. ఆయన మంచివాడే. తేనె తప్ప మరో ఆశ లేదు, ఆ తేనె కూడా నోరు తెరిచి అడగడు. "కాని గట్టున ఉండేవాళ్లు ఎవరైనా ఏదో ఒక అభ్యంతరం చెప్పండి బాబూ. మీరు అభ్యంతరం చెప్పాలి, మేం దాన్ని షరతుగా రాయాలి, షరతు రాశాక ముద్ర వెయ్యాలి. అదీ వరస. ఉట్టినే ఇచ్చేస్తే సభ అమ్ముడుపోయిందంటారు."

నూకాలు చెవులు నిక్కించింది. వీళ్లకు కాదనడం రాదు, షరతులు పెట్టడం వచ్చు. సరే, ఆ షరతులతోనే ఈ పందికి ముక్కుతాడు వేస్తాననుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

"అయ్యా, చిన్న చేపలు తప్పించుకునేలా వలకన్ను నా పంజా అంత ఉండాలండి," అంది.

"ఉంటుంది చెల్లెమ్మా," అన్నాడు భూషణం.

"గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లు వలలో పడితే, బయటికి పోడానికి తలుపుండాలండి."

"రెండు పెట్టిస్తాను."

"వల లాగేటప్పుడు చూడ్డానికి సభ తరపున ఒకరు గట్టు మీద ఉండాలండి."

"ఉండాలి మరి. కుర్చీ కూడా నేనే వేయిస్తాను."

అలా పద్దెనిమిది చెప్పింది నూకాలు. పద్దెనిమిదింటికీ తలూపాడు భూషణం. పంది అంత సులువుగా తలూపుతుంటే అనుమానం రావద్దూ? రాలేదు. గెలుస్తున్నానన్న సంబరం అలాంటిది.

సముద్రపు సంగతులకు సభలో నిపుణుడు మెట్ట తాబేలు. పుట్టి బుద్ధెరిగి ఉప్పునీళ్లు చూసినవాడు కాడు గాని, తాబేలే కదా అని వేశారు. వలను చెట్టుకొమ్మకు వేలాడదీయించి, తలుపులోంచి తానే దూరి అవతలికి వచ్చి, "నాకేమీ ఇబ్బంది కలగలేదు" అని సంతకం పెట్టాడు. అనుమతి వచ్చేసింది. పైన పెద్దక్షరాలతో 'నూకాలు గారి సూచనల మేరకు' అని రాశారు. ఆ కాగితాన్ని నూకాలు కూనలకు మూడుసార్లు చదివి వినిపించింది.

మర్నాడు వల నీళ్లలో పడింది. చెట్టుకు వేలాడినప్పుడు పంజా అంత ఉన్న కన్ను, ఇరవై పందులు కలిసి లాగేసరికి బిగుసుకుపోయి రొయ్యపిల్ల కూడా దూరనంత అయింది. తలుపులు రెండూ ఉన్నాయి, తీగతో గట్టిగా కట్టేసి ఉన్నాయి. "తలుపుండాలన్నారు గాని తెరిచుండాలనలేదే," అన్నాడు భూషణం. సభ తరపున వచ్చిన కొంగ కుర్చీలో కూర్చుని, ఒడ్డున పారబోసిన చిన్న చేపల్ని ఒక్కటీ వదలకుండా మింగి, 'ఒడ్డున చిన్న చేపలు కనబడలేదు' అని నివేదిక రాశాడు. అబద్ధమనడానికి లేదు.

మూడు నెలలకు పెద్దపాయలో బురద మిగిలింది. కూనలు పీత డిప్పలు నాకుతున్నాయి. నూకాలు కొండెక్కి సభ ముందు ఏడ్చింది.

చైర్మన్ ఫైలు తీయించాడు. "నువ్వడిగినవన్నీ ఇచ్చాం కదమ్మా. పద్దెనిమిదీ నీ మాటలే. పైగా ఈ నెల చూడు, వలలో చిన్న చేప ఒక్కటీ పడలేదు. ఇంత పద్ధతిగా నడిచే పాయ ఈ అడవిలో మరోటి లేదు."

"పడ్డానికి చేపలేవండీ?"

"చూశారా, షరతులు ఎంత బాగా పనిచేశాయో," అన్నాడు మెట్ట తాబేలు.

నూకాలు కూనల్ని నోట కరుచుకుని చిన్నపాయకు మారింది. చేపలున్న పాయ ఇక అదొక్కటే. నెల తిరక్కుండా భూషణం దానికీ దరఖాస్తు పెట్టాడు. ఇది కూడా పోతే కూనలు బతకవు. ఆ కబురు విని నూకాలు రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అరవాలనిపించింది, పందిని రక్కెయ్యాలనిపించింది. మూడో రోజు ఆ పాత కాగితం తీసి, పైనున్న తన పేరును నాలుగోసారి చదివి, నెమ్మదిగా మీసాలు దువ్వుకుంది.

మళ్లీ కొండ మీద సభ. చేపలు ఈసారీ రాలేదు. చిన్నపాయ గట్టున ఉండేది నూకాలు ఒక్కతే, అందరూ తన వైపు తిరిగారు. చైర్మన్ కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"నాకే అభ్యంతరమూ లేదండి," అంది నూకాలు.

కలం ఆగింది. "వలకన్ను సంగతో?"

"ఎంతున్నా ఫరవాలేదండి."

"తాబేళ్లు?" అన్నాడు మెట్ట తాబేలు, కొంచెం నొచ్చుకుని.

"వాటి ఖర్మండి."

"చూసేవాళ్లైనా ఒకరుండాలి కదా," అన్నాడు కొంగ. గొంతులో బెంగ దాగలేదు.

"భూషణం అన్నయ్యగారి మీద కాపలానా? ఒక్క షరతుతో ఆయన్ని అవమానించినా నేనూరుకోనండి."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. పాత షరతులే దించేద్దామన్నారెవరో. అవి పెద్దపాయవి, చిన్నపాయకు చెల్లవన్నాడు తాబేలు. నేను చెబుతానంటూ కొంగ లేచాడు. సభ ఉద్యోగి అభ్యంతరం చెప్పకూడదని రూలుంది, కూర్చోబెట్టారు. "అభ్యంతరం లేనిదే షరతు రాయలేం, షరతు లేనిదే ముద్ర వెయ్యలేం," అని చైర్మన్ తల పట్టుకున్నాడు. ఫైలు పక్కన పెట్టారు.

పదిరోజులకు భూషణం స్వయంగా చిన్నపాయ గట్టుకు వచ్చాడు. "చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతాను. చిన్నదో పెద్దదో ఒక్క అభ్యంతరం చెప్పు తల్లీ. పులులు కబురు మీద కబురు పెడుతున్నారు."

"మీకు వంక పెట్టడానికి నోరెలా వస్తుందన్నయ్యగారూ?" అంది నూకాలు. అంటూనే పంజా విసిరి ఓ పండుగప్ప చేపను తీసి కూనల ముందు పడేసింది.

ఆ ఫైలు ఇప్పటికీ కొండ మీదే ఉంది. 'అభ్యంతరం కోసం ఆగినది' అని దాని మీద రాసుంది.

నీతి: పందిని ఆపాలంటే దండ వేసి దారివ్వాలి, అడ్డం నిలబడితే అనుమతి వచ్చేస్తుంది.