మధ్యవి వాటంతటవే వస్తాయి

మా కాలనీ నీళ్ళ ట్యాంకు మరమ్మతు దిగ్విజయంగా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పూర్తయింది కంప్యూటర్లో. బయట పూర్తి కాకపోవడం కేవలం సాంకేతిక వివరం.

ప్రజలకు భవిష్యత్తు చూపించాలని చైర్మన్‌గారు ఒక యానిమేటరును పిలిపించారు. అతనూ ఈ కాలనీవాడే. అతని ఇంట్లో కుళాయి తిప్పితే గాలి వస్తుంది, అదీ పొద్దున పూటే. ట్యాంకు బాగుపడుతుందన్న ఆశతో ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు.

వస్తువు ఫలానా క్షణంలో ఇలా కనబడాలని గుర్తు పెట్టడాన్ని ఆ వృత్తిలో కీ ఫ్రేము అంటారు. పాచిపట్టి, పెచ్చులూడి, పగుళ్ళిచ్చిన ట్యాంకు బొమ్మ దగ్గర ఒక కీ పెట్టాడు. అదే ట్యాంకుకు ఆకాశనీలం పూసి, పగుళ్ళు కనబడకుండా చేసి, చివర మరో కీ పెట్టాడు. బటన్ నొక్కగానే పాచి కరిగింది, నీలం నిగనిగలాడింది. నీరు లేకపోయినా నీటుగా ఉంది.

ఇంజనీరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మధ్యలో ఇంత పని ఎవరు చేశారయ్యా?"

"ఎవరూ చెయ్యలేదండీ. మొదటిదీ చివరిదీ మనం పెడితే, మధ్యవి వాటంతటవే వచ్చేస్తాయి."

చైర్మన్‌గారు లేచి ప్రసంగించారు. "ఇన్నాళ్ళూ మధ్యలో అనవసరంగా శ్రమపడ్డాం. ఇకమీదట మనం శంకుస్థాపన చేస్తాం, ప్రారంభోత్సవం చేస్తాం. ఆ రెంటి మధ్య వేలుపెట్టి ప్రగతిని ఇబ్బంది పెట్టం."

కీ పెట్టింది యానిమేటరు, కీ ఇచ్చింది చైర్మన్‌గారు, ఆడాల్సింది మనం.

మేస్త్రీలను ఇంటికి పంపేశారు. సిమెంటు బస్తాలు ఎటు వెళ్ళాయంటారా? అవి మధ్యవి కదా, వాటంతటవే వెళ్ళాయి. బొమ్మ వేరు, ట్యాంకు వేరని యానిమేటరు గొణిగితే, సొంత ప్రతిభను కించపరచుకోవద్దని ఇంజనీరుగారు మందలించి ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు.

ఇంట్లో యానిమేటరు భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుందండీ. పిండితే ఎన్ని బకెట్లొస్తాయి?"

ప్రారంభోత్సవానికి ట్యాంకు కనబడకుండా పెద్ద తెర కట్టారు. తెరమీద నీలం ట్యాంకు ఈసారి నీళ్ళతో నిండి పొంగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో అలవాటుకొద్దీ బకెట్టు తెచ్చి తెరకింద పెట్టారు. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వరస వీధిమలుపు దాటింది. ముందువాళ్ళకు నీళ్ళు దొరికాయని వెనకవాళ్ళ నమ్మకం. వెనక ఇంతమంది ఉన్నారంటే నీళ్ళు ఉండే తీరాలని ముందువాళ్ళ నమ్మకం.

యానిమేటరు చేతికి భార్య బకెట్టు అందించింది.

"అది బొమ్మేనే. నేనే చేశాను."

"తెలుసులెండి. ముందు చోటు పోకుండా నిలబడండి."

నిలబడ్డాడు. అతని ముందున్నది మీరే. కాస్త జరగండి, వెనక మేం కూడా ఉన్నాం.