డోలు బొమ్మకు కౌన్సిల్ ముద్ర

ఏ జాతి సంస్కృతి అయినా ఆఫీసు ముద్ర పడేదాకా ఒట్టి అలవాటేనని ఆస్ట్రేలియాలో పెర్త్ శివారులోని ఒక కౌన్సిల్ 1989లో తీర్మానించింది. ఆ ముద్ర వేసే భారం ఇంటిపన్నుల గుమాస్తా, తెనాలి ఎలియాజర్ నెత్తిన పడింది.

కరీబియన్ దీవుల ఆఫ్రికన్ ఆటపాటల పండుగ వస్తోంది. దాని పోస్టర్‌లోని సంస్కృతి అసలైనదేనని చెప్పడానికి ఒక నిపుణుడు కావాలి. మేనేజరు మిసెస్ ప్రిచర్డ్ ఆఫీసంతా కలియజూసి ఎలియాజర్ దగ్గర ఆగింది. (ఒంటిరంగును అర్హతగా ఫైల్లో రాయలేదు. రాస్తే వివక్ష అవుతుంది.) శుక్రవారంలోగా సంతకం పెడితే అతని టెంపరరీ ఉద్యోగం పర్మనెంటవుతుందంది. పెట్టకపోతే ఏమవుతుందో మర్యాదస్తురాలు గనక చెప్పలేదు.

"మీకు కోలాటమే రాదు కదండీ, వాళ్ళ డాన్సుకి మీరు సర్టిఫికెట్టా?" అంది భార్య అమృతం.

"ఊరుకోవే. పర్మనెంటంటే మాటలా?"

పోస్టర్ గీసింది విన్‌స్టన్. ట్రినిడాడ్‌లో పుట్టి, తాత దగ్గర డోలు నేర్చినవాడు. పోస్టర్‌లో డోలు వాయిస్తున్నట్టు గీసుకున్నదీ తన బొమ్మే. అందుకే అతని మాట చెల్లదు. ఎవరి సంస్కృతికి వారే సాక్ష్యం చెప్పుకోవడం స్వార్థమని రూలు.

గురువారం విన్‌స్టన్ కౌంటర్ మీద పోస్టర్ పరిచాడు. ఎర్రగౌను అమ్మాయి నడుము వంచి ఆడుతోంది, పక్కన డోలు వాయిస్తూ ఒక మనిషి. ఎలియాజర్ కళ్ళజోడు సర్దుకుని స్కేలుతో ఆ వంపు కొలిచాడు. కొలిచాక దేనితో పోల్చాలో తెలియలేదు.

"బ్రదర్, ఇది కరెక్టేనా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"మా అమ్మ ఇలాగే ఆడేది, మేట్."

అంతకన్నా ఏం కావాలి? కానీ ఏ ఆధారంతో సంతకం పెడుతున్నావని ఆఫీసు అడుగుతుంది. విన్‌స్టన్ పేరు చెబితే చెల్లదు. అందుకని 'సొంత పరిశోధన' అని రాసి సంతకం పెట్టాడు.

పండుగ బ్రహ్మాండంగా జరిగింది. ఎలియాజర్ పర్మనెంటయ్యాడు. పోస్టర్‌ను కౌన్సిల్ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. కింద ఇత్తడి పలక: "కరీబియన్ సంస్కృతీ నిపుణుడు: ఎలియాజర్. డోలు వాయించు వ్యక్తి: ఎవరో తెలియదు."

అది తనేనని, ఎలియాజర్‌కూ తెలుసని విన్‌స్టన్ అర్జీ పెట్టుకున్నాడు. అర్జీని నిపుణుడి అభిప్రాయానికి పంపారు. ఎలియాజర్ అవునంటే, అయితే ఆ 'సొంత పరిశోధన' ఎవరిదని అడుగుతారు.

మర్నాడు పొద్దున్నే పోస్టర్ ముందు నిలబడి బొమ్మను పరిశీలనగా చూశాడు. తర్వాత కూర్చుని, "పోలికలు స్పష్టంగా లేవు. అర్జీదారు తగిన నిపుణుణ్ని సంప్రదించవలెను" అని రాశాడు.