అర్హులైన ప్రతి ఎలుకకీ

ఆరోగ్యశాఖ మంత్రిగారు బయోమెడికల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేయాలని సంకల్పించారు. ఈ చారిత్రక నిర్ణయాన్ని ఆయన ఒక ఆసుపత్రి లిఫ్టును ప్రారంభిస్తూ, అది రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన నలభై నిమిషాల్లో తీసుకున్నారు. తలుపు తెరుచుకోగానే విలేఖరులతో చెప్పేశారు.

"ఇంతకాలం ప్రజల జబ్బుల్ని పైనుంచి చూశాను. ఇకమీదట మైక్రోస్కోపులోంచి చూస్తాను!"

చప్పట్లు మోగాయి. అరవై ఒక్కేళ్ల వయసులో ఈ విద్యాతృష్ణ ఏమిటని పత్రికలు ముక్కున వేలేసుకున్నాయి. వయోపరిమితి సడలింపు జీవో సాయంత్రానికే వచ్చేసింది.

ఆ వార్త చదివి గుండె గుభేలుమన్నది ఒక్కరికే. ఆవిడ విశ్వవిద్యాలయంలో టెక్నీషియన్. గాజు ఫ్లాస్కుల్లో కిడ్నీ కణాలను పెంచుతుంది కాబట్టి అందరూ సెల్లక్క అంటారు. పదకొండేళ్లుగా ఆ కణాలను పసిపిల్లల్లా సాకుతోంది. ఆవిడ పనిమీద నలుగురు డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్లిపోయారు. "ఇంకా ఎన్నాళ్లే, వాళ్ల గాజుసామాను కడగడం?" అని తల్లి సాధిస్తుంటే, ఈ ఏడాది తనే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాలని నిశ్చయించుకుంది. ల్యాబులో ఉన్నది ఒకే ఒక్క సీటు.

మర్నాడు ప్రొఫెసర్‌గారు ఆవిడను పిలిచారు. పక్కన మంత్రిగారి పీఏ కూర్చుని ఉన్నాడు.

"సారు అప్లికేషన్ నువ్వు రాసిపెట్టాలమ్మా."

"మాస్టారూ, ఆ సీటుకి నేనూ అప్లై చేస్తున్నాను కదండీ."

"అందుకే కదమ్మా నిన్ను పిలిచింది. కూర్చుంటే రెండూ ఒకేసారి అయిపోతాయి."

ఇంత ముందుచూపు ఉన్నవారు కాబట్టే ఆయన పధ్నాలుగేళ్లుగా ప్రొఫెసర్‌గా ఉన్నారు.

సెల్లక్క ఫారం పట్టుకుని మంత్రిగారి ఛాంబర్‌కి వెళ్లింది. మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగింది.

"విఫలమైన మీ ప్రయోగం ఒకటి వివరించండి, అని ఉంది సార్."

మంత్రిగారి మొహం ఎర్రబడింది. "వైఫల్యమా? ఈ ఫారం తయారుచేసింది ఎవరు? ప్రతిపక్షమా?"

"కాదండీ, అందరినీ అడుగుతారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడమే పరిశోధన."

"రాసుకో. విఫలమైన ప్రయోగాలన్నీ గత ప్రభుత్వానివి. వివరాలకు జతచేసిన కరపత్రం చూడుడు."

రెండోది సిఫారసు లేఖలు. అభ్యర్థి పని దగ్గరగా చూసినవాళ్లు ముగ్గురు రాయాలి, అభ్యర్థి వాటిని చదవకూడదు. మా సారు గురించి సారుకి తెలియకుండా రాయడం కుట్ర కాదా అని పీఏ నిలదీశాడు. నాలుగు రోజుల్లో లేఖలు రెండు లారీల్లో వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే వాక్యం. కింద సంతకాలే వేరు. కొన్నిటికి అవీ వేరు కావు.

ఆ తర్వాత రొటేషన్. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టినవాళ్లు ఇంటర్వ్యూకి ముందే, ఏ ల్యాబు తమకు సరిపోతుందో తేల్చుకోవడానికి మూడు ల్యాబుల్లో కొన్ని నెలల చొప్పున పనిచేసి చూస్తారు. మంత్రిగారు పదిహేడు కార్లలో వచ్చి మూడింటినీ ఇరవై రెండు నిమిషాల్లో పూర్తిచేశారు. తొమ్మిదేళ్లుగా వాడుతున్న మైక్రోస్కోపును జాతికి అంకితం చేశారు. సెల్లక్క ల్యాబులో ఫోటో కోసం ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిపించి, ఫ్లాస్కుల మూతలు తీయించి, ఒక్కొక్క దాన్లోకీ తొంగిచూసి కణాలను పేరుపేరునా ఆశీర్వదించారు. ఆ సమయంలో ఆయనకు కొద్దిగా జలుబు చేసి ఉంది.

మూడో రోజుకి ఫ్లాస్కులన్నీ తెల్లగా మురిగిపోయాయి. ఆరు నెలల పని. సెల్లక్క వాటిని సింకులో పారబోస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటర్వ్యూలో చూపించాల్సిన ఫలితాలు అవే మరి. అయినా కళ్లు తుడుచుకుని, తన ఫారంలో విఫలమైన ప్రయోగం అన్న చోట ఉన్నది ఉన్నట్టు రాసింది. జలుబు ఎవరిదో మాత్రం రాయలేదు.

ఇంటర్వ్యూకి బయటినుంచి ముగ్గురు పరీక్షకులు వచ్చారు. సెల్లక్క ఇంటర్వ్యూ అయ్యాక మంత్రిగారి వంతు వచ్చింది. ఫైళ్లు మోయడానికి ఆవిడ మళ్లీ లోపలికి వెళ్లవలసి వచ్చింది.

"ఎలుకల మీద మందు పరీక్షించారని మీ దరఖాస్తులో ఉంది. ఎన్ని ఎలుకలకు ఇచ్చారు?" అని అడిగారు వారిలో పెద్దావిడ.

"అర్హులైన ప్రతి ఎలుకకీ అందింది. ఎక్కడా దళారులు లేరు."

"మందివ్వకుండా ఎన్నిటిని ఉంచారు?"

"ఒక్కదాన్ని కూడా ఉంచలేదు!"

"కొన్నిటికి ఇవ్వకుండా ఉంచితేనే కదా, పోల్చి చూసి మందు పనిచేసిందో లేదో తెలుసుకునేది?"

మంత్రిగారు లేచి నిలబడ్డారు. "ఎలుకల మధ్య వివక్షా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగనివ్వను."

తలుపు దగ్గరున్న కార్యకర్తలు జిందాబాద్‌లు కొట్టారు. పరీక్షకులు ఆయనకు వందకి నాలుగు మార్కులు వేశారు. సెల్లక్కకి తొంభై ఒకటి వేశారు. ఫలితాలు ప్రకటించే ముందు ప్రభుత్వం ప్రజాసేవకు యాభై, అనుభవానికి యాభై కలపడంతో మంత్రిగారు నూటనాలుగుతో ప్రథముడిగా నిలిచారు.

ఆ సాయంత్రం పీఏ ఫోన్ చేశాడు. "అమ్మా, సారు ల్యాబుకి నెలకోసారి వస్తే సరిపోతుందా?"

"కణాలని రోజూ చూడాలండీ. ఆదివారాలు కూడా. అయిదేళ్లు."

మర్నాడు మంత్రిగారు విలేఖరుల సమావేశం పెట్టి గద్గద స్వరంతో ప్రకటించారు. "కష్టపడి సంపాదించిన సీటును ఒక పేద విద్యార్థి కోసం త్యాగం చేస్తున్నాను." ఒక విలేఖరి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పత్రికలన్నీ పతాకశీర్షికలు పెట్టాయి.

సెల్లక్క కాళ్లు నేలమీద నిలవలేదు. రెండో ర్యాంకు తనదే. తల్లి ఇరుగుపొరుగుకి చెప్పేసింది కూడా. చేరిక పత్రాలతో ఆవిడ రిజిస్ట్రార్ గదికి పరుగెత్తింది.

"కూర్చోమ్మా," అన్నారు రిజిస్ట్రార్. "అంతటి మహనీయుడు త్యాగం చేసిన సీటులో ఇంకొకరిని కూర్చోబెడితే బాగుంటుందా? దాన్ని శాశ్వతంగా ఖాళీగా ఉంచాలని పాలకమండలి తీర్మానించింది. ఇత్తడి పలక కూడా చేయిస్తున్నాం."

"పేద విద్యార్థి కోసం అన్నారు కదండీ!"

"ఆ పేద విద్యార్థికి అది స్ఫూర్తినిస్తుంది."

ఆవిడ చేరిక పత్రాలను మడిచి సంచిలో పెట్టుకుంది. రిజిస్ట్రార్‌కి జాలేసింది. "బాధపడకమ్మా. వయోపరిమితికి నీకింకో ఏడాది ఉంది. వచ్చే ఏడాది సీట్లు కూడా పెంచుతున్నాం. ఒకటి కాదు, ఏడు! నీ మార్కులకి ఏదో ఒకటి రాకుండా పోతుందా?"

నిజమే అనిపించింది. ఏడు సీట్లు! సెల్లక్క ల్యాబుకి తిరిగివచ్చి, కొత్త ఫ్లాస్కులు తీసి, మళ్లీ మొదటినుంచి కణాలు వేసింది.

వారం తిరిగేసరికి పీఏ నవ్వుతూ లోపలికి వచ్చాడు. చేతిలో ఫారాల కట్ట ఉంది.

"సారు త్యాగానికి ప్రజల్లో బ్రహ్మాండమైన స్పందనమ్మా. వచ్చే ఏడాది ఎన్నికలు కూడా ఉన్నాయి. అవునూ, ఈసారి ఎన్ని సీట్లట?"

"ఏడండీ."

"మంచిది," అని ఫారాలు ఆవిడ బల్లమీద పెట్టాడు. "ఏడింటికీ రాసెయ్."